వర్డ్‌లో కాస్త దిద్ది పంపిస్తా అక్కా

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, ప్రాసెస్ రిపోర్టు జనరేట్ అయింది. వర్డ్‌లో కాస్త దిద్ది క్లయింటుకి పంపించేస్తా." వెంటనే ఫోన్ చేసి దిద్దొద్దన్నాను. "ఒక బాక్సు పేరులో స్పెల్లింగు తప్పుందక్కా, అంతే" అంది. రిపోర్టు పుట్టేది మోడల్ నుంచి, అంటే పని అడుగులన్నీ బాక్సులు, బాణాలుగా గీసి పెట్టుకున్న ఫైలు నుంచి. అక్కడే సరిచేసి మళ్ళీ జనరేట్ చెయ్యమన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఒక్క అక్షరం కోసం మోడల్ తెరిచి, ఇంకెవరూ మార్చకుండా లాక్ తీసుకుని, మార్చి, సేవ్ చేసి, పావుగంట రిపోర్టు రన్ అయ్యేదాకా కూర్చోమంటోంది, ఈవిడకేమైనా చాదస్తమా అనుకుని ఉంటుంది. ఆ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

ప్రాసెస్ మోడలింగ్ టూల్ నుంచి వచ్చిన రిపోర్టులో ఒక్క అక్షరం కూడా చేత్తో మార్చకూడదన్నది నా పట్టుదల. విషయం తప్పుంటే మోడల్లో దిద్దాలి. అమరిక బాగోకపోతే, రిపోర్టులో ఏది ఎక్కడ ఎలా రావాలో చెప్పే టెంప్లేట్‌లో దిద్దాలి. వర్డ్ ఫైలు తెరిచేది చదవడానికే. ఇది ఎప్పుడూ కుదిరే పని కాదని నాకూ తెలుసు, కొన్నిసార్లు ఈ పట్టుదలే తప్పేమోనన్న అనుమానం కూడా ఉంది. ఆ అనుమానాలతో సహా చెబుతాను.

రెండు కేన్ల పాలు

కొన్నేళ్ల క్రితం ఒక డెయిరీకి ప్రాసెస్‌లు గీశాం. ఊళ్లలో పాల సేకరణ దగ్గర మొదలుపెట్టి రైతు ఖాతాలో పాల డబ్బులు పడేదాకా పద్నాలుగు డయాగ్రమ్‌లు. వాటిలో చిల్లింగ్ సెంటర్‌ది ఒకటి. ఊళ్ల నుంచి వ్యానులో 40 లీటర్ల కేన్లు వస్తాయి. మూత తీసి వాసన చూస్తారు. అనుమానం వస్తే కాసిని పాలు చిన్న గాజు గొట్టంలో పోసి కాచి చూస్తారు. విరిగితే కేను వెనక్కి. విరక్కపోతే తూకం, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు), ఆ తర్వాత నాలుగు డిగ్రీలకు చల్లబరిచే ట్యాంకు.

ఆడిట్ రేపనగా రాత్రి క్వాలిటీ మేనేజరు గారు ఫోన్ చేశారు. కేను వెనక్కి పంపేముందు ఒక సీసాలో శాంపిల్ తీసి సీలు వేసి ఉంచాలని, ఊళ్లో పాలు పట్టే ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పాలని కొత్తగా రూలు పెట్టుకున్నారట. డాక్యుమెంట్‌లో అది లేదు. టైము పదకొండు. మోడల్లో పెట్టాలంటే రెండు టాస్కులు (పని బాక్సులు), ఒక మెసేజ్ ఫ్లో (బయటివాళ్లకి కబురు వెళ్ళే బాణం) చేర్చాలి, ఉన్న బాక్సులన్నీ పక్కకు జరపాలి, మళ్ళీ రివ్యూకి పంపాలి. నేను వర్డ్ తెరిచి, ఆ సెక్షన్ కింద రెండు వాక్యాలు రాసి, డయాగ్రమ్ బొమ్మని ముట్టుకోకుండా పీడీఎఫ్ చేసి పంపేశాను. ఆడిట్ సాఫీగా అయిపోయింది. మెచ్చుకున్నారు కూడా.

నాలుగు నెలల తర్వాత పేమెంట్ల ప్రాసెస్ మారింది. అప్పటికి నేను వేరే ప్రాజెక్టులో ఉన్నాను. నా స్థానంలో వచ్చినతను మోడల్ మార్చి, రిపోర్టు మొత్తం మళ్ళీ జనరేట్ చేసి, కొత్త వెర్షన్ నంబరు వేసి పంపాడు. అతను చేసిన దాంట్లో తప్పేమీ లేదు. నా రెండు వాక్యాలు మాత్రం అందులో లేవు. ఎలా ఉంటాయి? అవి మోడల్లో ఎప్పుడూ లేవు.

ఆ కొత్త వెర్షన్ చదివి పని నేర్చుకున్న ఒక కుర్రాడు, ఎండాకాలంలో ఒకరోజు, పాలు విరిగాయని రెండు కేన్లు వెనక్కి పంపేశాడు. శాంపిల్ తియ్యలేదు, ఫోన్ చెయ్యలేదు. మర్నాడు ఏజెంటు నలుగురిని వెంటేసుకుని వచ్చి, మా దగ్గర ఎక్కించినప్పుడు బాగానే ఉన్నాయి, మీ వ్యానే ఆలస్యంగా వచ్చిందని గొడవకి దిగాడు. ఆ 80 లీటర్లలో ఎన్ని ఇళ్ల పాలు కలిసి ఉన్నాయో. నిజంగా విరిగాయో లేదో, విరిగితే ఊళ్లో విరిగాయో దారిలో విరిగాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చూపించడానికి సీసా లేదు కదా. కుర్రాడికి మెమో ఇచ్చారు. అతను రిపోర్టు తెరిచి, "ఇందులో ఎక్కడుంది సార్?" అని అడిగాడట. ఈ సంగతి నా దాకా వచ్చేసరికి రెండు వారాలైంది. మెమో వెనక్కి తీసుకున్నారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చల్లబరిచాక మూత తీస్తారా

ఇంత జరిగాక కూడా, వర్డ్‌లో దిద్దేవాళ్లని నేను బద్ధకస్తులని అనను. టూల్ తనంతట తాను ఇచ్చే రిపోర్టు అంత ఘోరంగా ఉంటుంది మరి.

ఆ డెయిరీకే మొదటిసారి రిపోర్టు తీసినప్పుడు టాస్కులన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలో వచ్చాయి. "చిల్ మిల్క్" సి అక్షరం కాబట్టి ముందు. "ఓపెన్ లిడ్" మధ్యలో ఎక్కడో. "వే కేన్" డబ్ల్యూ కాబట్టి ఆఖరున. దాని ప్రకారం పాలు ముందు చల్లబరిచి, తర్వాత కేను మూత తీసి, అన్నీ అయ్యాక తూకం వెయ్యాలి. చిల్లింగ్ సెంటర్ ఇన్‌చార్జి ఆ పేజీ చూసి నవ్వలేదు, మర్యాదస్తుడు. "మేడమ్, ఇది ఇంకో సెంటర్‌దేమో" అన్నారు.

ఇది ఒక టూల్‌కి మాత్రమే ఉన్న జబ్బు కాదు. బొమ్మకి కొమ్మలుంటాయి, పుస్తకానికి ఉండవు. ప్యారలల్ గేట్‌వే, అంటే పనులు ఒకేసారి వేరు వేరు దార్లలో సాగే చోటు, దగ్గర ప్రాసెస్ రెండుగా చీలితే ఏ కొమ్మని ముందు రాయాలి? వెనక్కి తిరిగే లూపు ఉంటే, "మళ్ళీ 4వ అడుగుకి వెళ్ళండి" అని రాయాలా, మొత్తం తిరగరాయాలా? ఈ ప్రశ్నలకి టూల్ దగ్గర జవాబు ఉండదు, అది మనం చెప్పాలి. ప్రాసెస్ బొమ్మలు ఎలా గీయాలో చెప్పే ప్రమాణం, 2011లో వచ్చిన బీపీఎంఎన్ 2.0, పుణ్యమా అని డయాగ్రమ్ అంతా ఎక్స్‌ఎంఎల్ అనే రాత రూపంలో ఫైలుగా దొరుకుతోంది. ఆ ఫైలు తెరిస్తే ఒక భాగంలో టాస్కులు, వాటిని కలిపే బాణాలు ఉంటాయి, ఇంకో భాగంలో ఏ బాక్సు ఎక్కడ, ఎంత వెడల్పు అన్న కొలతలు ఉంటాయి. టాస్కులు ఏ వరసలో రాసున్నాయన్నదానికి అర్థమేమీ లేదు. చాలాసార్లు అది మనం గీసిన వరస. మీటింగులో ముందు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల బాక్సు ముందు పడుతుంది.

సరదాగా ఒక మాట. ప్రాసెస్ చార్టుల ఆలోచనని ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికాలో మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. పని మొత్తం ఒక్క చూపులో కనబడాలని ఆ చార్టు. వందేళ్ల తర్వాత మనం చక్కగా ఒక్క పేజీలో బొమ్మ గీసి, బటన్ నొక్కి, దాన్నుంచి రెండొందల పేజీలు రాబడుతున్నాం.

వరస సరిచెయ్యడానికి దార్లున్నాయి. నేను ఎక్కువగా వాడేది మొరటు పద్ధతి. ప్రతి టాస్కుకీ "వరస నంబరు" అని ఒక సొంత గడి పెట్టి, రిపోర్టుని దాని ప్రకారం సార్ట్ చేయిస్తాను. నంబర్లు 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని వేస్తాను, మధ్యలో కొత్త టాస్కు వస్తే 25 అని దూర్చడానికి. స్కూల్లో బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసినవాళ్లకి ఈ చిట్కా గుర్తుండే ఉంటుంది. ఆరిస్ అనే మోడలింగ్ టూల్లో అయితే రిపోర్టే ఒక జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము కాబట్టి, స్టార్ట్ ఈవెంట్ (ప్రాసెస్ మొదలయ్యే గుర్తు) దగ్గర మొదలుపెట్టి బాణాల వెంట నడుచుకుంటూ వెళ్లేలా రాసుకోవచ్చు. ఇంకో టూల్, స్పార్క్స్ వాళ్ల ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో ఎఫ్8 నొక్కితే వచ్చే డాక్యుమెంటుకి వెనక టెంప్లేట్లు ఉంటాయి, ఆ టెంప్లేట్లలో చిన్న ముక్కలకి ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేసుని అడిగే ప్రశ్న) కూడా రాసుకోవచ్చు. బిజాగీ అనే టూల్లో వర్డ్ టెంప్లేట్ ఇచ్చి, ఏ డయాగ్రమ్‌లు, ఏ వివరాలు రావాలో ఎంచుకోవచ్చు. కాముండా డెస్క్‌టాప్ మోడలర్ అనే టూల్ బొమ్మనే ఎగుమతి చేస్తుంది, వర్డ్ రిపోర్టు ఇవ్వదు. దానికి నేను పైథాన్‌లో ఓ చిన్న స్క్రిప్టు రాసుకుని ఎక్స్‌ఎంఎల్ నుంచి డాక్యుమెంటేషన్ గడులు లాగుతాను. నిజం చెప్పాలంటే ఆ స్క్రిప్టు ఇచ్చే నాలుగు పేజీలే నాకు అన్నిటికన్నా నచ్చుతాయి.

వీటిలో ఏదీ ఒక్క మధ్యాహ్నంలో అయ్యే పని కాదు. చిక్కంతా ఇక్కడే. క్లయింటు కొటేషన్‌లో "రిపోర్ట్ జనరేషన్" అని ఒక లైను ఉంటుంది, దానికి అరపూట లెక్క వేస్తారు. బటన్ నొక్కడమే కదా అని. టెంప్లేటుకి పది రోజులు అడిగితే మేనేజర్లు మన మొహం వంక అదోలా చూస్తారు. టెంప్లేటుకి టైము ఇవ్వరు కాబట్టి వర్డ్‌లో దిద్దుతాం. ప్రతి వెర్షన్‌కీ మళ్ళీ దిద్దుతాం. ఏడాది తిరిగేసరికి దిద్దిన గంటలన్నీ కలిపితే ఆ పది రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. కానీ అవి ఏ టైమ్‌షీట్లోనూ ఆ పేరుతో కనబడవు.

ఖాళీ గడుల సంగతి

కస్టమైజేషన్ అనగానే క్లయింట్లు అడిగే మొదటి కోరిక లోగో. రెండోది, "ఖాళీగా ఉన్న హెడింగులు తీసెయ్యండి." బాధ్యులు అని రాసి పక్కన ఏమీ లేకపోతే చూడ్డానికి బావుండదు, నిజమే. ఖాళీ అయితే ఆ వరసే రాకుండా చెయ్యడం చాలా టూల్స్‌లో కష్టమైన పని కాదు. చేసి ఇస్తే అందరికీ సంతోషం.

నేను ఇవ్వను. కనీసం మొదటి రెండు మూడు విడతలు ఇవ్వను. పైగా ఖాళీ ఉన్నచోట "ఎవరూ చెప్పలేదు" అని ఎర్ర అక్షరాల్లో పడేలా టెంప్లేట్ పెడతాను. డెయిరీ పనిలో ఇలా పెట్టినప్పుడు, ట్యాంకు కడిగే పనికి ఎదురుగా ఎర్రగా "ఎవరూ చెప్పలేదు" అని వచ్చింది. ప్లాంటు వాళ్లు సెంటర్ వాళ్లదన్నారు, సెంటర్ వాళ్లు కాంట్రాక్టు వాళ్లదన్నారు. ట్యాంకు రోజూ శుభ్రంగానే ఉంటోంది, ఎవరో కడుగుతున్నారు. ఆ ఎవరో ఒక పెద్దావిడ అని, ఆవిడ ఊడవడానికి వచ్చే మనిషని, కడగమని ఆవిడకి ఎవరూ చెప్పలేదని, చూడలేక కడుగుతోందని మూడో మీటింగులో తేలింది. ఆ వరస దాచేసి ఉంటే ఆవిడ సెలవు పెట్టిన రోజున తెలిసేది.

ఇక్కడ నా వాదనలో ఒక కంత ఉంది, నాకు తెలుసు. మోడల్ గీసేవాళ్లకి ఖాళీలు కనబడాలి సరే, పని చేసేవాళ్లకి ఎందుకు? ఎర్ర అక్షరాల రిపోర్టు చేతిలో పెడితే ఇందులో మిగతాదైనా నిజమేనా అని అనుమానపడతారు. కాబట్టి ఇప్పుడు రెండు టెంప్లేట్లు పెట్టుకుంటున్నాను. మాకు ఖాళీలు చూపించేది, బయటికి వెళ్లేది. బయటికి వెళ్లేదాన్లో కూడా చివరి పేజీలో "ఇంకా తేలనివి" అని ఒక పట్టిక దానంతటదే వచ్చేలా చేశాను. సగం మంది ఆ పేజీ తీసెయ్యమంటారు. తీసేస్తాను, టెంప్లేట్‌లోనే.

అవతలి పక్షం

మా పాత ప్రాజెక్టులో ఒక సీనియర్ ఉండేవారు. ఆయన వాదన నాకు పూర్తిగా రివర్స్. టూల్ నుంచి వచ్చే పదాలు ఎవరూ చదవరు, బొమ్మలు తీసుకుని డాక్యుమెంటు మొత్తం మనిషే రాయాలి అనేవారు. "ఏం చెయ్యాలో మోడల్ చెబుతుంది, ఎందుకు చెయ్యాలో ఎక్కడ రాస్తావు? ఆ చిన్న డిస్క్రిప్షన్ గడిలోనా?" అని అడిగేవారు. నాకు దీనికి సరైన జవాబు ఇప్పటికీ లేదు. నిజమే, నాలుగు లైన్ల గడిలో ఎవరూ మనసు పెట్టి రాయరు. నేనూ రాయను. శాంపిల్ సీసా రూలు ఎందుకు వచ్చిందో, దాని వెనక ఏ గొడవ జరిగిందో పేరాలు పేరాలుగా రాయాల్సిన సంగతి. కొన్ని టూల్స్‌లో ఒక బాక్సుకి పూర్తి డాక్యుమెంటునే తగిలించి, రిపోర్టులో ఆ చోట అది వచ్చేలా చెయ్యొచ్చు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో దాన్ని లింక్డ్ డాక్యుమెంట్ అంటారు. అది చాలావరకు పనిచేస్తుంది. కానీ రాసే మనిషి టూల్ తెరవాలి, లైసెన్సు కావాలి, క్వాలిటీ మేనేజరు గారికి లైసెన్సు ఎవరిస్తారు? ఆయన ఈమెయిల్లో రాస్తారు, నేను అతికిస్తాను. మళ్ళీ చేతి పనే.

ఇంకో వాదన ఆడిటర్ల పేరు మీద వస్తుంది. "ఆడిట్‌కి లావుపాటి పుస్తకం కావాలి, టూల్ ఇచ్చేది సరిపోదు" అని. ఈ వాదనని మాత్రం నేను ఒప్పుకోను. క్వాలిటీ నిర్వహణకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9001. దాని పాత 2008 వెర్షన్ ఆరు విషయాలకి రాతపూర్వకమైన పద్ధతులు ఉండాలని పేరుపేరునా అడిగేది, క్వాలిటీ మాన్యువల్ ఉండాలనేది. 2015 వెర్షన్‌లో ఆ రెండు షరతులూ పోయాయి. నీ పనికి అవసరమైన సమాచారం నువ్వు నమోదు చేసి, అదుపులో ఉంచుకో అంటుంది. లావు గురించి ఎక్కడా లేదు. అదుపులో ఉంచుకోవడం గురించి ఉంది, వర్డ్‌లో రాత్రి పదకొండింటికి నేను చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకం అదే.

మరి మళ్ళీ అలాంటి రాత్రి వస్తే? పొద్దున్నే ఆడిట్, మోడల్ మార్చే టైము లేదు. బహుశా మళ్ళీ వర్డ్‌లోనే రాస్తాను. కాకపోతే ఈసారి విడిగా ఒక పేజీలో రాసి, పైన "ఇది ఇంకా మోడల్లో లేదు" అని పెట్టి, రిపోర్టు ముందు పెడతాను. ఆడిటర్ అడిగితే అడుగుతాడు.

గోడ మీది కాయితం

చేత్తో రాసింది చేత్తో రాసినట్టే కనబడాలన్న ఈ ఆలోచన నాకు వచ్చింది ఆ చిల్లింగ్ సెంటర్లోనే. రిపోర్టు ప్రింటు బీరువాలో ఉంది, అట్ట మీద దుమ్ముతో సహా. పాలు దించే అరుగు పక్కన గోడ మీద మాత్రం లామినేషన్ చేసిన ఒక పేజీ ఉంది, చిల్లింగ్ డయాగ్రమ్ ఒక్కటే. దాని మీద నీలం మార్కర్‌తో ఒక బాణం కొట్టేసి ఉంది, ఇంకోచోట "ఆదివారం కాదు" అని రాసి ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చేత్తో దిద్దొద్దని ఊరంతా చెప్పే మనిషిని కదా. ఇన్‌చార్జి గారు తాపీగా, "పుస్తకం బీరువాకి మేడమ్, కాయితం మాకు" అన్నారు.

ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ఆలోచన. ఆయన దిద్దుబాటుకి, నా దిద్దుబాటుకి తేడా ఏమిటి? ఆయన మార్కర్ గీత పది అడుగుల దూరం నుంచి కనబడుతోంది. ఏది ప్రింటో, ఏది తర్వాత గీసిందో పాలు దించే హమాలీకి కూడా తెలుసు. నేను వర్డ్‌లో రాసిన రెండు వాక్యాలు అదే ఫాంటు, అదే సైజు, అదే సెక్షన్ నంబరు. అవి టూల్ నుంచి రాలేదని నాకు తప్ప ఎవరికీ తెలియదు, నాలుగు నెలలయ్యాక నాకే గుర్తులేదు. అప్పటినుంచీ ప్రతి సెంటర్‌కీ వెళ్ళినప్పుడు ముందు గోడ మీది కాయితం ఫోటో తీసుకుంటాను. ఆ మార్కర్ గీతల్ని తెచ్చి మోడల్లో పెట్టడమే రివ్యూ. ఆ డెయిరీలో "ఆదివారం కాదు" అన్నది మాకు ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ చెప్పలేదు.

గోడ మీదికి తెలుగులో ఇద్దామని ఆ తర్వాత ఒక టెంప్లేట్ చేశాను. అదో కథ. టూల్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన కూర్చున్నాయి. "కేంద్రం" కాస్తా "కేంద్‌రం" అయింది. వర్డ్‌లోకి తీసి అక్కడి నుంచి పీడీఎఫ్ చేస్తే ఒత్తులు కుదిరాయి గానీ అక్షరాలు ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసిందేమిటంటే, వర్డ్ స్టైల్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, మన లిపుల్లాంటి వాటికి విడిగా ఇంకో ఫాంటు, ఇంకో సైజు ఉంటాయి. టెంప్లేట్‌లో నేను మొదటిదే మార్చాను. రెండోదానికి నిర్మలా యూఐ పెట్టి, సైజు కుదిర్చాక అంతా చక్కబడింది. ఈ పని చేసేవాళ్లెవరైనా ఈ పేరా ఒక్కటి చదివినా చాలు.

ఇంతకీ శుక్రవారం సంగతి. ఆ అమ్మాయి విసుక్కుంటూనే మోడల్ తెరిచి స్పెల్లింగు దిద్ది మళ్ళీ జనరేట్ చేసింది. ఏడున్నరకి మెసేజ్ పెట్టింది: "అక్కా, 12వ పేజీలో మారింది, 31లో, 58లో మారలేదు. పాతదే వస్తోంది." మూడు డయాగ్రమ్‌లలో కనబడే ఆ బాక్సు ఒకటే అని మేమంతా అనుకుంటున్నాం. కాదు. ఎవరో కాపీ పేస్టు చేసినప్పుడు మూడు వేరు వేరు బాక్సులయ్యాయి. పేరు ఒకటే, లోపల బాధ్యుల పేరు ఒక్కోదాంట్లో ఒక్కోటి. వర్డ్‌లో రీప్లేస్ ఆల్ కొట్టి ఉంటే మూడూ ఒక్క క్షణంలో సరైపోయేవి.

సోమవారం కూర్చుని ఆ మూడింటిలో ఏది నిజమో తేల్చాలి. రిపోర్టు ఇంకా వెళ్ళలేదు. క్లయింటు ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లూ ఆ అమ్మాయే ఎత్తింది.